పాకో రబాల్ ఊళ్లో బాదం పూలు

ఫిబ్రవరి 4, మాద్రిద్

స్పానిష్ సినిమా నటుడు ఫ్రాన్సిస్కో రబాల్‌ను (ముద్దుపేరు పాకో) నేను మొదటిసారి చూసింది హైదరాబాదులో చదువుకునే రోజుల్లో, ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో. తెర మీద గీతలు, మధ్యమధ్య తెగిపోయే ధ్వని, గోడకు చేర్చిన ఇనుప కుర్చీలు. సినిమా లూయిస్ బున్యుయెల్ తీసిన 'నజరీన్'. చివరలో, అంతా పోగొట్టుకుని భటుడి వెంట నడుస్తున్న పాదిరీకి దారి పక్కన పండ్లమ్మే ఆవిడ ఒక అనాసపండు ఇవ్వబోతుంది. అతను ముందు వద్దంటాడు, నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి పుచ్చుకుంటాడు. ఆ పండును ఎలా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకున్న ఆ రెండు చేతులు నాకు నలభై ఏళ్లుగా గుర్తున్నాయి. ఆ చేతులు గని కార్మికుడి కొడుకువని అప్పట్లో నాకు తెలియదు.

మా అమ్మాయి మాద్రిద్‌లో చదువుకుంటోంది. "నాయనా, ఇంత దూరం వచ్చి ఆయన ఊరు చూడకుండా వెళ్తావా?" అని అడిగింది తనే. అనంతపురం తిరిగివచ్చి పది రోజులైంది. బూట్లకు అంటిన ఆ ఊరి మట్టి ఇంకా పూర్తిగా వదలలేదు. మరిచిపోక ముందే రాసిపెడుతున్నాను.

తొలి ఉదయం అమ్మాయి నన్ను ఒక చుర్రోల దుకాణానికి తీసుకువెళ్లింది. జంతికల గొట్టంలోంచి ఒత్తినట్టుండే ఆ పిండివంటను నూనెలో వేయించి, గరిటె జారుడుగా ఉన్న వేడి చాక్లెట్‌లో ముంచుకుని తింటారు. ఇద్దరికీ కలిపి 9 యూరోలు. ప్రతిదాన్నీ 90తో గుణించి చూసుకునే అలవాటు నాకు పోలేదు కనుక, 800 రూపాయల పైన పెట్టి జంతికలు తిన్నామన్న బాధ ఆ కప్పు అడుగు కనిపించే వరకు ఉంది. అయినా ఆ ఊళ్లో చాక్లెట్ తాగుతుంటే రబాల్ గుర్తుకు రాకుండా ఉండడు. 1926 మార్చి 8న ముర్సియా ప్రాంతంలోని ఆగిలాస్ దగ్గర క్వెస్తా దె గోస్ అనే పల్లెలో పుట్టిన అతణ్ణి, 1936లో, అంతర్యుద్ధం మొదలైన ఏడాదిలో, కుటుంబం మాద్రిద్‌కు తీసుకువచ్చింది. పదేళ్ల పిల్లవాడు. వీధుల్లో సరుకులు అమ్మాడు, చాక్లెట్ కర్మాగారంలో పనిచేశాడు. పదమూడేళ్లకు బడి మానేసి చమార్తీన్ స్టూడియోలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. తెర మీద పడే వెలుగుకు తీగలు మోసిన తరవాతే అతను ఆ వెలుగులోకి వచ్చి నిలబడ్డాడు.

ఫిబ్రవరి 5, మాద్రిద్

వయ్యేకాస్ పేట పాలోమెరాస్ బాహాస్‌లో పాకో రబాల్ పేరుతో ఒక సాంస్కృతిక కేంద్రం ఉంది. మెట్రో ఒకటో నంబరు లైనులో వెళ్లాము. ఒక స్టేషను ముందే దిగిపోవడం వల్ల ముప్పావు గంట నడవవలసి వచ్చింది గాని, ఆ నడక వృథా కాలేదు. దక్షిణాది పల్లెల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవారు ఒకప్పుడు రాత్రికి రాత్రి గోడలు లేపి కట్టుకున్న గుడిసెల పేట ఇది. ఇప్పుడు ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్లు, బాల్కనీల్లో ఆరవేసిన బట్టలు, గడప ముందు కుర్చీ వేసుకుని ఎండ కాచుకునే ముసలివారు కనిపిస్తారు. కమ్యూనిస్టు పార్టీలో ఉన్న నటుడి పేరు ఇలాంటి పేటకు పెట్టడం సబబుగానే తోచింది. లోపల ఆ పూట పిల్లల నాట్య తరగతి జరుగుతోంది. తలుపు దగ్గరి ఉద్యోగిని మమ్మల్ని చూసి, ఏ పిల్ల తాలూకు వాళ్లమని అడిగింది.

దారిలో భోజనానికి ఆగాము. వీళ్ల 'మెనూ దెల్ దీయా' మన ఫుల్ మీల్స్‌కు బంధువు. 13 యూరోలకు మొదటి వంటకం, రెండో వంటకం, రొట్టె, తాగడానికి ఏదో ఒకటి, చివర తీపి గాని కాఫీ గాని ఇస్తారు. మా బల్ల పక్కనుంచి బయటకు వెళ్తున్న ప్రతి ఒక్కరూ "కె అప్రొవెచే" అంటూ పోయారు. తిన్నది ఒంటబట్టాలని కోరడమట. ముక్కూమొహం తెలియని వారి ఆకలి గురించి ఇలా ఒక మాట అనే మర్యాద నాకు నచ్చింది.

సాయంత్రం ఆంతోన్ మార్తీన్ దగ్గరి దోరే సినిమాహాలులో, అంటే పాత సినిమాలను భద్రపరిచే స్పానిష్ ఫిల్మోతెకా వారి హాలులో, బున్యుయెల్ తీసిన 'విరిదియానా' చూశాము. టికెట్టు 3 యూరోలు. మొత్తం ప్రయాణంలో నేను గుణించి చూసుకోకుండా ఇచ్చిన డబ్బు ఇదొక్కటే. 1961లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం స్వర్ణతాళపత్రం గెలిచిన ఈ సినిమాను స్పెయిన్‌లో 1977 దాకా ప్రదర్శించనివ్వలేదు. దీన్ని దైవద్రోహమని వాటికన్ పత్రిక ఖండించింది. ఇందులో రబాల్‌ది హోర్హే పాత్ర. తండ్రి ఆస్తికి వారసుడై వచ్చి, బీడుపడ్డ పొలాన్ని బాగుచేయాలనుకునే లౌకికుడు. ఒకచోట బండి కింద ఇరుసుకు కట్టేసిన కుక్క పరుగెత్తలేక పరుగెత్తడం చూసి, జాలిపడి డబ్బిచ్చి దాన్ని విడిపిస్తాడు. అతను అటు తిరగగానే ఎదురుగా మరో బండి వస్తుంది, దాని కిందా ఒక కుక్క. హాలులో ఎవరో చిన్నగా నవ్వారు, ఆ వెంటనే ఆపేసుకున్నారు.

రబాల్ బున్యుయెల్‌ను 'తీయో' అని, అంటే తల్లి తోబుట్టువుకూ తండ్రి తోబుట్టువుకూ వాడే మాటతో, పిలిచేవాడు. ఆయన ఇతణ్ణి 'సొబ్రీనో', అంటే తోబుట్టువు కొడుకు, అనేవాడు. వారిది రక్తసంబంధం కాదు, పిలుపుల్లో కలుపుకున్న చుట్టరికం. మెట్రోలో తిరిగి వస్తూ, ఆ పిలుపును తెలుగులోకి తేవాలంటే 'మామా' అనాలా 'బాబాయ్' అనాలా అని మేము ఇద్దరం వాదించుకున్నాము. స్పానిష్ మాటలో ఆ తేడా లేదు. మనకు తేల్చుకోక తప్పదు. పిల్లనిచ్చే వరస కాదు కనుక బాబాయే ఖాయం చేశాము.

ఫిబ్రవరి 6, ముర్సియా

రైలు లా మంచా మైదానాలు దాటాక నేల రంగు మారింది. గోధుమ వన్నె కొండలు, వాటి మీద ముళ్ల పొదలు, లోయల్లో నిమ్మతోటలు. ముర్సియాలో దిగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నేరుగా ఫోంతెస్ కూడలిలోని ప్రాంతీయ ఫిల్మోతెకాకు నడిచాము, దాని పేరు కూడా ఫ్రాన్సిస్కో రబాలే. తలుపులు మూసి ఉన్నాయి. స్పెయిన్‌లో రెండు నుంచి ఐదు దాకా ఏ తలుపూ తట్టకూడదని అమ్మాయి నాకు మూడో రోజున మూడోసారి చెప్పింది. అద్దంలో నా ముఖమూ, లోపలి చీకట్లో పోస్టర్ల అంచులూ కలిసి కనిపించాయి. ఈ ఊరి విశ్వవిద్యాలయం రబాల్‌కు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పదమూడేళ్లకు బడి వదిలేసిన మనిషికి ఆ పట్టా అందిన క్షణం ఎలా ఉండి ఉంటుందో ఆ మూసిన తలుపు ముందు నిలబడి ఊహించుకున్నాను.

తలుపులు తెరిచేదాకా వేరే పని లేదు కనుక తిండి మీద పడ్డాము. ముర్సియావారి 'మరినేరా' ఒక కరకరలాడే పొడుగు రొట్టెచుట్ట. దాని మీద బంగాళాదుంప సలాడు గుట్టగా పెట్టి, పైన ఉప్పుచేప ఒకటి పరుస్తారు. చేప వద్దంటే, లేకుండా ఇచ్చేదానికి ఇంకో పేరుంది, 'బిసిక్లేతా', అంటే సైకిలు. నేను సైకిలు తిన్నాను, 2 యూరోలు.

'పపరహోతె' దగ్గర మాత్రం పరువు పోయింది. నిమ్మ ఆకును తీపి పిండిలో ముంచి, నూనెలో వేయించి, చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లి తెచ్చారు. వామాకు బజ్జీ తిని పెరిగినవాణ్ణి, ఆకుతో సహా కొరికి నమలడం మొదలుపెట్టాను. పీచు, చేదు, ఎంత నమిలినా లొంగదు. వడ్డించే యువకుడు పరుగున వచ్చి, ఆకు వాసన కోసమే గాని తినడానికి కాదని, పై తొడుగును మాత్రం ఒలుచుకుని తినాలని చేతులతో చూపించాడు. పక్క బల్ల మీది ముసలి దంపతులు ఎంతసేపటి నుంచి నవ్వు ఆపుకుంటున్నారో, అప్పుడు బయటపడ్డారు. ఆ పెద్దావిడ తన పళ్లెంలోంచి ఒకటి తీసి, నెమ్మదిగా ఒలిచి, బోసి ఆకును కాడతో పట్టుకుని నాకు చూపించింది. మా ఇంట్లో అరటిపండు తినడం చిన్నపిల్లలకు ఇలాగే నేర్పుతాము.

ఇక్కడి మాటతీరు మాద్రిద్‌ది కాదు. చివరి హల్లులు మింగేస్తారు, ప్రతి నామవాచకానికీ 'ఈకో' తగిలిస్తారు. కొంచెం అనేది 'పొకీకో' అవుతుంది. పలకరింపుగా 'ఆచో' అంటారు. మన సీమలో 'అబ్బీ' అన్నట్టే. రబాల్ గొంతులోని ఆ మొరటు బొంగురుదనం సిగరెట్ల వల్ల వచ్చిందనుకునేవాణ్ణి. దాని కింద ఈ యాస కూడా ఉందని ఆ సాయంత్రం బార్లో నిలబడి నలుగురి మాటలు వింటే తెలిసింది.

ఫిబ్రవరి 7, ఆగిలాస్

బస్సులో లోర్కా మీదుగా సముద్రం దగ్గరికి దిగాము. ఊరి నడుమ స్పెయిన్ కూడలిలో గొడుగుల్లాంటి పెద్ద మర్రిజాతి చెట్లు, వాటి నీడలో ఒక ఫౌంటెన్, బెంచీల మీద పింఛనుదారులు. కొండ మీద కోట, దాని కింద రేవు. ఊరి అవతల ఎల్ ఓర్నీయో అఖాతంలోకి చొచ్చుకుపోయే పెద్ద ఇనుప కట్టడం ఉంది. అల్మెరీయా గనుల నుంచి రైలులో వచ్చిన ఇనుప ఖనిజాన్ని ఓడల్లో పోయడానికి బ్రిటిష్ కంపెనీ 1903లో దాన్ని కట్టింది. ఇప్పుడు దాని మీద రైళ్లు నడవవు, కింద పిల్లలు ఈత కొడతారు. ఈ నేల కడుపులోని సరుకు ఇలా ఓడలెక్కి వెళ్లిపోయిన కాలంలోనే రబాల్ తండ్రి గనిలో దిగేవాడు. రెండు తరాల పాటు ఇక్కడివాళ్లు తవ్వారు, వేరే దేశంవాళ్లు మోసుకుపోయారు. ఇనుపగనుల కథ బళ్లారి సరిహద్దు మనిషికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఊళ్లో సాంస్కృతిక భవనానికి ఫ్రాన్సిస్కో రబాల్ పేరే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషిని, మీకు ఆ నటుడు తెలుసా అని అమ్మాయి చేత అడిగించాను. ఆయన మొదట 'ఏ నటుడు?' అన్నాడు. రబాల్ అనగానే "ఓ, పాకోనా" అని చేయి ఊపాడు. ఈ ఊళ్లో పెద్దవాళ్లెవరికీ ఆయన ఫ్రాన్సిస్కో కాడు, రబాల్ కూడా కాడు. సెలవులకు వచ్చి బార్లో నిలబడి కబుర్లు చెప్పే పాకో. మన సినిమా హీరోలను ఊరివాళ్లు ఇంటిపేరుతోనో, బిరుదుతోనో తలుచుకోవడం అలవాటైన చెవికి ఇది వింతగా ఉంది. ఆ పెద్దాయనకు అతని విదేశీ సినిమాల మీద ఏ మాత్రం గౌరవమూ లేదు. "ఇటలీ వాళ్లతో, ఫ్రెంచి వాళ్లతో చేసినవి నిద్ర మాత్రలు" అన్నాడు. ఆంతొనియోనీ తీసిన 'ఎక్లీప్స్'లో, రివెట్ తీసిన 'సన్యాసిని'లో పాకో ఉన్నాడని నేను చెబితే, "ఉంటాడు, డబ్బిచ్చి ఉంటారు" అని తేల్చేశాడు. ఆయనకు నచ్చింది టీవీలో 1989లో వచ్చిన 'హుంకాల్'. అందులో పాకో ముసలితనం మీదపడినా దర్జా వదలని మాజీ ఎద్దుపోరు వీరుడు.

రాత్రి భోజనం ఆగిలాస్ జాలరుల అన్నం, 'అర్రోత్ ఆ లా పియెద్రా'. చేపల పులుసునీళ్లలో, ఎండబెట్టిన గుండ్రటి ఎర్రమిరపతో వండుతారు. మిరప అంటే ఆశపడ్డాను గాని అందులో కారం లేదు, రంగూ తీపీ మాత్రమే. ఇద్దరికి తక్కువైతే వండరట, మనిషికి 16 యూరోలు. అన్నం చూసి మూడు రోజులైన నాకు ఆ బాణలి అడుగు గీకడానికి సిగ్గనిపించలేదు. అడుగంటిన మాడు ముక్కే అసలు రుచి అని హోటలు యజమానురాలు స్వయంగా గరిటె తెచ్చి గీకి పెట్టింది.

గదికి వచ్చాక అమ్మాయి లాప్‌టాప్‌లో 'లోస్ సాంతోస్ ఇనొసెంతెస్' పెట్టింది. పదిహేనేళ్ల కిందట ఒకసారి చూశాను. ఇక్కడ, ఈ యాస మధ్య చూడాలనే దాచుకున్నాను. మిగెల్ దెలీబెస్ నవల ఆధారంగా మార్యో కాముస్ 1984లో తీసిన సినిమా. పోర్చుగల్ సరిహద్దు దగ్గరి ఎస్త్రెమదూరా కమతంలో, కామందు దయ మీద బతికే ఒక పాలేరు కుటుంబం కథ. అల్ఫ్రెదో లందా వేసిన పాలేరు, దొర కాల్చిన పిట్ట ఎక్కడ పడిందో నేలను వాసన చూసి పట్టుకుంటాడు. రబాల్ అతని బావమరిది అసరీయాస్, బుద్ధి ఎదగని ముసలివాడు, చేతులు పగలకుండా వాటి మీద మూత్రం పోసుకునేవాడు, ఒక నల్లపిట్టను మచ్చిక చేసుకుని 'మిలానా బొనీతా' అని, ముద్దుల పిట్టా అన్నట్టుగా, లాలించేవాడు. ఆ పిట్టను కామందు సరదాకు కాల్చేస్తాడు. ఆ తరవాత కామందుకు ఏమవుతుందో చూడనివారి కోసం నేను రాయను. ఆ ఏడాది కాన్‌లో ఉత్తమ నటుడి పురస్కారాన్ని వీరిద్దరికీ కలిపి ఇచ్చారు.

నా అభిప్రాయం ఒకటి చెబుతాను. 1950ల నుంచి పాతికేళ్ల పాటు రబాల్ అందగాడు, రొమాంటిక్ హీరో, తుంటరి. అతను అప్పుడు చేసిన వాటిలో సగం ఈరోజు చూడలేము. అతని అసలు వృత్తి జీవితం యాభై అయిదు దాటాక, జుట్టు పలచబడి ముఖం ముడతలు పడ్డాక మొదలైంది. అసరీయాస్ కోసం అతను కొత్తగా ఏదో నేర్చుకున్నాడని నేననుకోను. మాద్రిద్ నేర్పినదాన్ని ఒక్కొక్కటే వదిలించుకుని, పదేళ్లప్పుడు వదిలి వచ్చిన పల్లెలో చూసిన నడకలను, చూపులను, పళ్లు లేని నవ్వును వెనక్కి పిలుచుకున్నాడు. 'నజరీన్'లో అనాసపండు పట్టుకున్న చేతులే ఇందులో పిట్టను పట్టుకున్నాయి. పండును పట్టుకోవడం తెలియని ఆ చేతులకు పిట్టను ఎలా పట్టుకోవాలో తెలుసు.

ఫిబ్రవరి 8, క్వెస్తా దె గోస్

ఈ పల్లెకు మాకు అనుకూలమైన బస్సు దొరకలేదు. టాక్సీ వాడు 20 యూరోలు అడిగాడు. బాదం తోటల మధ్య నడవాలన్న నా కోరిక కొద్దీ, పల్లెకు కొంచెం ముందు మలుపు దగ్గరే దింపమన్నాము. అదే పొరపాటు. రెండు మట్టిదారుల్లో వెడల్పాటిది ఎంచుకున్నాము. అది అర గంట తరవాత తెల్లటి ప్లాస్టిక్ కప్పుల కింద పండే టమాటా పందిళ్ల మధ్య ముగిసిపోయింది. కుక్కలు మొరిగాయి. లోపలి నుంచి ఒక మొరాకో కూలీ వచ్చి, మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, పని కోసం వచ్చామనుకుని యజమాని లేడన్నాడు. సంగతి చెప్పాక నవ్వి, ఎండిన వాగులో దిగి అవతలి గట్టు ఎక్కితే దగ్గర దారి అని చూపించాడు. మాకు చెరో టమాటా చేతిలో పెట్టాడు. సినిమా నటుడి గురించి అతను వినలేదు.

ఆ వాగులో నీళ్లు చివరిసారి ఎప్పుడు పారాయో గాని, ఇసుక మీద మేకల అడుగులు తప్ప మరేమీ లేవు. కంకర నేల, బ్రహ్మజెముడు, చాపలూ తాళ్లూ అల్లే ఎస్పార్తో గడ్డి దుబ్బులు. కల్యాణదుర్గం పొలిమేరల్లో నన్ను కళ్లకు గంతలు కట్టి వదిలితే ఇదే చోటనుకునేవాణ్ణి. వీళ్లకు తాహో నది నీళ్లు వందల కిలోమీటర్ల కాలువ దాటి 1979 నుంచి వస్తున్నాయి, మాకు హంద్రీనీవా వచ్చింది. అది చాలక వీళ్లు సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసి పంటలకు పెడుతున్నారు. ఈ లెక్కలు అమ్మాయికి చెబుతూ గట్టెక్కాను. పైన ఒక్కసారిగా బాదం చెట్లు.

ఆకు ఒక్కటీ లేదు. నల్లటి కొమ్మల నిండా తెలుపు, లేత గులాబి పూలు. తేనెటీగల రొద ఎంతగా ఉందంటే, దూరంగా ఎక్కడో మోటారు నడుస్తోందని ముందు అనుకున్నాను. వర్షం అడగని చెట్టు ఇది. ఈ నేలలో, చలికాలం పోకముందే, ఎవరూ ఎదురుచూడని వేళ పూస్తుంది. ఆలస్యంగా మంచు కురిస్తే కాయ నిలవదట.

పల్లె అంటే కొండవాలు మీద దూరదూరంగా విసిరినట్టున్న తెల్లటి ఇళ్లు. మనుషులు కనిపించలేదు. ఒక ఇంటి ముందు నల్ల శాలువా కప్పుకున్న పెద్దావిడ చీపురుతో వాకిలి ఊడుస్తోంది. అమ్మాయి ఆమెను 'సెన్యోరా' అని, మర్యాద వాచకంతో పలకరించింది. ఆమె మాత్రం మా అమ్మాయిని 'ఈహా', అంటే బిడ్డా అంది, నన్ను ఏకవచనంలోనే మాట్లాడింది. పాకో గురించి అడగడానికి వచ్చినవాళ్లను గుర్తుపట్టడం ఆమెకు అలవాటైన పనిలా ఉంది. మేము నోరు విప్పక ముందే చీపురుతో ఒక వైపు చూపించి, "అటు, ఆ బాదం" అంది.

2001 ఆగస్టులో మాంట్రియల్ చలనచిత్రోత్సవంలో పురస్కారం అందుకుని, భార్య అసున్‌సియోన్ బలగేర్‌తో కలిసి తిరిగి వస్తూ, 29వ తేదీన రబాల్ విమానంలోనే కన్నుమూశాడు. విమానం ఫ్రాన్స్‌లోని బోర్డోలో దిగింది. అంతకు రెండేళ్ల ముందే కార్లోస్ సౌరా సినిమాలో అతను ప్రవాసంలో, బోర్డోలో, ముసలివాడై మరణించే చిత్రకారుడు గోయాగా నటించాడు. ఆ వేషానికి స్పెయిన్ సినీ అకాడమీ ఇచ్చిన పురస్కారం పేరు కూడా గోయాయే. ఇలాంటివి కథలో రాస్తే సంపాదకుడు కొట్టేస్తాడు. అతని చితాభస్మాన్ని తెచ్చి ఇక్కడ, పుట్టిన పల్లెలో, బాదం చెట్టు కింద కలిపారు.

చెట్టు దగ్గర చాలాసేపు నిలబడలేదు. ఏం చేయాలో తెలియలేదు కూడా. చేతిలో మొరాకో కూలీ ఇచ్చిన టమాటా ఉంది. అక్కడ పెట్టాలనిపించి, మరీ నాటకంగా ఉంటుందని మానుకున్నాను. తిరిగి వస్తుంటే పెద్దావిడ లోపలికి పిలిచి, కొట్టిన బాదంపప్పు ఒక కాగితపు సంచిలో పోసి ఇచ్చింది. డబ్బు తీయబోతే ముఖం అటు తిప్పుకుంది. "మీ దేశంలో పాకో సినిమాలు చూస్తారా?" అని ఆమె అడిగితే, నాలాంటి కొంతమంది చూశామని చెప్పాను. "నేను ఒక్కటే చూశాను, ఆ పిట్టది. మా మామ అచ్చం అలాగే ఉండేవాడు" అని, కాసేపాగి, "చేతులు కూడా" అంది.

వెనక్కి రావడానికి టాక్సీ పిలిస్తే 25 అన్నాడు. ఎక్కువ తీసుకున్నాడని అమ్మాయి దారి పొడవునా గొణిగింది. నేను పట్టించుకోలేదు.

ఫిబ్రవరి 9, కలబర్దీనా

కోపె అనే పెద్ద రాతి అంతరీపం కింద ఒదిగిన జాలరి పల్లె కలబర్దీనా. సముద్రపు దొంగలను కనిపెట్టడానికి కట్టిన పాత కావలి బురుజు దూరం నుంచే కనిపిస్తుంది. రబాల్ డబ్బు సంపాదించాక ఇక్కడ ఇల్లు కట్టుకుని దానికి 'మిలానా బొనీతా' అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి ఎవరి గుమ్మం ముందో నిలబడడం ఇద్దరికీ ఇష్టం లేకపోయింది. తీరం వెంట నడిచి, పడవలు లాగిపెట్టిన చోట ఒక బార్లో కూర్చున్నాము. కాఫీ 1 యూరో 40. ఆగిలాస్‌లో కార్నివాల్ దగ్గరపడుతోంది. బార్ యజమాని కూతురు కోడిగుడ్డు డొల్లల్లో రంగుకాగితపు ముక్కలు నింపి మైదాతో మూతులు అంటిస్తోంది. పండగ రోజు వాటిని ఎదుటివాళ్ల నెత్తిన పగలగొడతారు. ఇప్పటికి రెండు వందలు అయ్యాయని, మూడు నెలలుగా ఇంట్లో అందరూ ఆమ్లెట్లే తింటున్నారని చెప్పింది.

బార్ గోడ మీద పాకో ఫోటో ఉంటుందని ఆశించాను, లేదు. ఫుట్‌బాల్ జట్టుది ఉంది. నేను యజమానికి నాకు తెలిసిన ఒక సంగతి చెప్పాను. అమెరికన్ దర్శకుడు విలియం ఫ్రైడ్కిన్ 1971 నాటి 'ఫ్రెంచ్ కనెక్షన్'లో విలన్ పాత్రకు బున్యుయెల్ సినిమాలో చూసిన రబాల్‌ను కోరుకున్నాడు. పేరు గుర్తులేక 'ఆ స్పానిష్ నటుడు' అని చెబితే, నటులను కుదిర్చేవాడు పొరబడి ఫెర్నాందో రేను తీసుకువచ్చాడు. రేకు దానితో ప్రపంచ ఖ్యాతి వచ్చింది. ఫ్రైడ్కిన్ మాత్రం 1977లో 'సోర్సరర్'కు రబాల్‌ను వెతికి పట్టుకున్నాడు గాని ఆ సినిమా ఆడలేదు. యజమాని అంతా విని, గ్లాసు తుడుస్తూ, "అంటే పాకోకు అప్పుడు కూడా ఎవరో పని ఎగ్గొట్టారన్నమాట" అన్నాడు.

బయట వల బాగుచేస్తున్న ఇద్దరు ముసలి జాలరులు ఈ మాటలు విన్నట్టున్నారు. అందులో ఒకడు సూది ఆపి, ఆకాశం వైపు చూసి, గొంతు బొంగురు చేసి "మిలానా బొనీతా" అన్నాడు. రెండోవాడు తల అడ్డంగా ఊపాడు. పాకో అలా అనలేదట, రెండో మాటను సాగదీసేవాడట. తను అని చూపించాడు. మొదటివాడు ఒప్పుకోలేదు. సాగదీసింది మొదటి మాటనే, సినిమాలో తను నాలుగుసార్లు చూశాడట. తను పాకో నోటి నుంచే, ఇదే బల్ల మీద, ఎదురుగా కూర్చుని విన్నానని రెండోవాడు వల పక్కన పడేసి లేచాడు. తేల్చమని ఇద్దరూ మా వైపు తిరిగారు. మొన్న రాత్రి చూసినదాన్ని గుర్తుచేసుకుని అమ్మాయి కూడా ఒకసారి అంది. ఇద్దరూ ఒక్కసారే కాదన్నారు. వాళ్లు ఇంకా అంటూ ఉండగానే ఆగిలాస్ బస్సు వచ్చింది.